నడివయసులో నడిసముద్రానికి

సముద్రం మీద పడవ నడపడం మానవునికి అనాదిగా ఉన్న వృత్తి. కాని చేపల కోసం కాక, సరుకుల రవాణా కోసం కాక, ఒక్క మనిషి ఒక్క తెరచాప పడవలో మహాసముద్రాలను దాటుతూ పందెంలో పాల్గొనడం, ఆ పందెం ద్వారా లభించే ఆదరువుతోనే జీవించడం అనేది ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో రూపుదిద్దుకొన్న వృత్తి. దీనిని గురించి విన్నవారికి వెంటనే కలిగే భావమేమిటంటే, ఇది ఉడుకు రక్తం గల యువకుల పని అని. బాల్యం నుండి సముద్రతీరంలో పెరిగినవారికి తప్ప ఇతరులకు ఇది సాధ్యం కాదని కూడా అనుకొంటారు. చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ నిలువవు. ఈ రంగంలో ప్రసిద్ధులైన వారిలో పలువురు మరొక వృత్తిలో సగం జీవితం గడిపి, తల నెరసే కాలంలో చుక్కాని పట్టినవారే. ఇది ఎట్లు సాధ్యమైనది, ఎక్కడ సాధ్యం కాలేదు అనే విషయాన్ని మన విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇరవై ఏండ్లకే జీవితం ఒక దారిన పడి తీరవలెనని తల్లిదండ్రులూ, పడకపోతే అంతా ముగిసినదని పిల్లలూ భావిస్తున్న ఈ రోజులలో ఈ విషయం అప్రస్తుతం కాదనుకొంటాను.

మొట్టమొదట ఒంటరిగా భూమిని చుట్టి వచ్చిన నావికుడే యువకుడు కాడు. జాషువా స్లోకం అనే ఆయన 1844లో కెనడాలో జన్మించినాడు. సరుకుల ఓడలకు కప్తానుగా పనిచేసినాడు. ఆవిరి ఓడలు వచ్చి తెరచాప ఓడలకు గిరాకీ తగ్గిపోగా, యాభై ఏండ్ల వయసులో ఆయనకు పని లేకుండా పోయినది. శిథిలమై ఒడ్డున పడి ఉన్న ఒక పాత పడవ ఆయనకు దొరికినది. దానిని తన చేతులతోనే తిరిగి నిర్మించి, 1895 ఏప్రిల్‌లో బోస్టన్ నుండి బయలుదేరి, మూడు సంవత్సరాల తరువాత 1898 జూన్‌లో తిరిగివచ్చినాడు. దారిలో రేవు రేవునా ఉపన్యాసాలిచ్చి, ఆ రాబడితో ముందుకు సాగినాడు. ఈనాటి వృత్తి నావికులు వ్యాపార సంస్థల పేర్లను తెరచాపల మీద వ్రాసుకొని వెళ్లడానికి, ఆయన ఉపన్యాసాలకూ పెద్ద భేదం లేదు. సముద్రంలో గడిపే దినాలకు ఖర్చు ఎవరో ఒకరు ఒడ్డున భరించవలసిందే.

ఆధునిక కాలంలో ఈ వృత్తికి రూపకల్పన జరిగినది 1960లో. బ్రిటిష్ నావికాదళానికి చెందిన మెరైన్ అధికారి హాస్లర్, అట్లాంటిక్ మహాసముద్రాన్ని తూర్పు నుండి పడమరకు ఒంటరిగా దాటే పందెం ఒకటి జరపవలెనని ప్రతిపాదించినాడు. గాలి ఎక్కువగా పడమటి నుండి వీస్తుంది గనుక ఇది ఎదురుగాలి ప్రయాణం. ఐదుగురు బయలుదేరినారు. 40 దినాలలో న్యూయార్కు చేరి గెలిచినవాడు ఫ్రాన్సిస్ చిచెస్టర్. అప్పటికి ఆయన వయస్సు 58.

ఈ చిచెస్టర్ కథ కొంచెం వివరంగా చెప్పదగినది. ఆయన లండనులో పటాలు అచ్చువేసి అమ్ముకొనే వ్యాపారి. యౌవనంలో విమానచోదకుడు. 1931లో టాస్మన్ సముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటి పేరు పొందినాడు. కాని పడవ పందాలలో ప్రవేశించినది 1953 ప్రాంతంలో, యాభై దాటిన తరువాత. 1958లో ఊపిరితిత్తులలో క్యాన్సర్ ఉన్నదని వైద్యులు చెప్పినారు. ఆయన భార్య శస్త్రచికిత్సకు అంగీకరింపక, శాకాహారంతో, ప్రార్థనతో, విశ్రాంతితో ఆయనను కోలుకొనేటట్లు చేసినది. ఆ జబ్బు నిజంగా క్యాన్సరేనా అనే సందేహం తరువాత వచ్చినది గనుక, ఈ వృత్తాంతాన్ని ఎవరూ వైద్య సలహాగా స్వీకరింపరాదు. ఏమైనా, మంచం దిగిన రెండేండ్లకే ఆయన అట్లాంటిక్ దాటినాడు. 1966 ఆగస్టు 27న ప్లిమత్ నుండి జిప్సీ మాత్-4 అనే తన పడవలో బయలుదేరి, 107 దినాలలో సిడ్నీ చేరినాడు. సిడ్నీ ఇంకా రెండువేల మైళ్లకు పైగా దూరంలో ఉండగానే స్వయంచాలక చుక్కాని యంత్రం విరిగిపోయినది. ఆయన వెనుదిరుగక, ఒక చిన్న తెరచాపను చుక్కాని కర్రకు త్రాళ్లతో కట్టి, దాని లాగుడుతో పడవను దారిలో నిలిపే ఉపాయం కనిపెట్టినాడు. సిడ్నీలో ఆయన నీరసాన్ని చూసినవారు ఇక చాలునన్నారు. 1967 జనవరి 29న మరల బయలుదేరినాడు. మరుసటి రాత్రియే పడవ తలక్రిందులై, మరల లేచినది. మే 28న ప్లిమత్ చేరేసరికి ఆయన వయస్సు 65 సంవత్సరాలు. 226 దినాలు సముద్రం మీద, ఒకే ఒక్క మజిలీతో.

ఇంత పెద్ద వయసులో ఇంత శ్రమకు శరీరం ఎట్లు తాళినది? ఇక్కడ కొంత యంత్రశాస్త్రం తెలుసుకోవలసి ఉన్నది. ఒంటరి నావికుని ప్రథమ సమస్య బలం కాదు, నిద్ర. రాత్రింబవళ్లు చుక్కాని పట్టుకొని కూర్చొనుట ఎవరికీ సాధ్యం కాదు. ఈ సమస్యకు హాస్లర్, చిచెస్టర్ మొదలైనవారు అభివృద్ధి చేసిన పరిష్కారం గాలిరెక్క. పడవ వెనుక ఒక పలుచని పలకను నిలువుగా అమర్చి, పడవ పోవలసిన దిక్కునుబట్టి దాని అంచును గాలికి ఎదురుగా త్రిప్పి ఉంచుతారు. పడవ సరియైన దారిలో ఉన్నంతసేపు గాలి ఆ పలక రెండు ప్రక్కలనుండి సమానంగా జారిపోతుంది. పడవ దారి తప్పినంతనే గాలి పలక ముఖం మీద కొట్టి దానిని ఒరగజేస్తుంది. ఆ ఒరుగు నీటిలో వ్రేలాడే తెడ్డును కొంచెం త్రిప్పుతుంది. పరుగెత్తే నీటి వేగం ఆ తెడ్డును ప్రక్కకు బలంగా నెడుతుంది. తెడ్డుకు కట్టిన త్రాళ్లు చుక్కానిని లాగి పడవను మరల దారికి తెస్తాయి. దీనికి నూనె అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. గాలియే ఆజ్ఞ, నీరే బలం. చిచెస్టర్ తన యంత్రానికి మిరాండా అని ముద్దుపేరు పెట్టుకొన్నాడు. వారాల తరబడి మాట్లాడడానికి మనిషి లేనివాడు యంత్రానికి పేరు పెట్టుకోవడంలో వింత లేదు.

ఇక తెరచాపలు ఎత్తడం, దించడం కప్పీలతో, మరలతో జరిగే పని. యువకుని భుజబలం కొంతవరకే పనికి వస్తుంది. అసలు ప్రశ్న తెరచాపను ఎప్పుడు తగ్గించవలెననేది. గాలి ముదిరిన తరువాత తగ్గించబోయినవానికి రెట్టింపు శ్రమ. మబ్బు రంగును, అలల తీరును చూసి ముందే తగ్గించినవానికి సగం శ్రమ. ఈ తెలివి పుస్తకంలో దొరకదు, ఇరవై ఏండ్ల వయసులో సాధారణంగా ఉండదు. ఈ వృత్తిలో ఆలస్యంగా వచ్చినవారు నిలదొక్కుకొన్న రహస్యం ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయం.

దీనికి నిదర్శనం ఫ్రాన్సు దేశానికి చెందిన జాన్-లూక్ వాన్ డెన్ హీడ్. ఈయన గణితోపాధ్యాయుడు. అధ్యాపకులమైన మాకు ఈయన పట్ల కొంచెం పక్షపాతం ఉండుట సహజం! 1945లో జన్మించిన ఈయన, ముప్పై దాటిన తరువాత, ఆరున్నర మీటర్ల చిన్న పడవలతో అట్లాంటిక్ దాటే పందెంలో పాల్గొన్నాడు. 41వ ఏట ప్రపంచాన్ని చుట్టే పందెంలోకి వచ్చినాడు. ఎక్కడా ఆగకుండా, ఎవరి సహాయం లేకుండా భూమిని చుట్టివచ్చే వాందే గ్లోబ్ పందెం 1989లో ప్రారంభమైనప్పుడు అందులో మూడవ స్థానం, తరువాతి పందెంలో రెండవ స్థానం పొందినాడు. గాలికి ఎదురుగా, అనగా తూర్పు నుండి పడమరకు, భూమిని చుట్టే ప్రయత్నంలో పలుమార్లు విఫలుడై, చివరకు 2004లో 122 దినాలలో ముగించి రికార్డు నెలకొల్పినాడు. అప్పటికి ఆయనకు 58 ఏండ్లు.

అంతటితో విశ్రమించలేదు. 2018లో గోల్డెన్ గ్లోబ్ అనే పందెం, యాభై ఏండ్ల క్రితపు పందెం జ్ఞాపకార్థం పునరుద్ధరింపబడినది. ఇందులో ఉపగ్రహాల సాయంతో దారి తెలిపే పరికరాలు నిషిద్ధం. సెక్స్‌టెంట్ అనే కోణమానినితో సూర్యనక్షత్రాల ఎత్తును కొలిచి, గడియారం చూసి, పట్టికలతో లెక్క కట్టుకోవలెను. కోణంలో ఒక్క నిమిషం, అనగా డిగ్రీలో అరవైయవ వంతు, పొరపడితే స్థానంలో ఒక సముద్రపు మైలు పొరపాటు వస్తుంది. గడియారం నాలుగు సెకన్లు తప్పితే రేఖాంశంలో ఒక నిమిషం తప్పుతుంది. ఊగే పడవ మీద, తడిసిన కాగితం మీద, నిద్రలేని కన్నులతో ఈ లెక్క చేయవలెను. గణితోపాధ్యాయునికి ఇది కొట్టినపిండి.

ఈ సందర్భంలో ఒక మాట. ఆ పట్టికలలోని నక్షత్రాల పేర్లు చూస్తే మన ఉర్దూ శాఖ విద్యార్థులకు పరిచయమైన ధ్వనులు వినిపిస్తాయి. ఇంగ్లీషువారి అల్డెబరాన్ అరబ్బీలోని అద్-దబరాన్, అనగా వెన్నంటి వచ్చేది. అదే మన రోహిణి. ఆల్టెయిర్ అనేది అన్-నస్ర్ అత్-తాయిర్, ఎగిరే గ్రద్ద. అదే మన శ్రవణం. ఫోమల్‌హాట్ అనేది ఫమ్ అల్-హూత్, చేప నోరు. పదిహేనవ శతాబ్దికి చెందిన ఇబ్న్ మాజిద్ వంటి అరబ్బు నావికులు ఈ నక్షత్రాలతోనే హిందూ మహాసముద్రంలో దారి తెలుసుకొన్నారు. 1968-69లో జరిగిన మొదటి గోల్డెన్ గ్లోబ్ పందెంలో గెలిచిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ పేరు సుహైలీ. అది అరబ్బు నావికులు ఒక ఆగ్నేయపు గాలికి పెట్టిన పేరు. ఆ పడవ బొంబాయిలో టేకు కర్రతో తయారైనది. పందెం పూర్తి చేయగలిగినది ఆ ఒక్క పడవయే.

వాన్ డెన్ హీడ్ విషయానికి వస్తే, 2018 నవంబరు మొదటివారంలో కేప్ హార్న్‌కు పడమర సుమారు 1900 మైళ్ల దూరంలో తుఫానులో ఆయన పడవ బోర్లపడి లేచినది. తెరచాప స్తంభానికి ఆధారమైన తీగల బిగింపు దెబ్బతిన్నది. చిలీ దేశపు రేవుకు చేరి విరమించుకొందునా అని ఆలోచించినాడు. తరువాత సముద్రం కొంచెం శాంతించగా, 73 ఏండ్ల ఆ మనిషి ఊగిపోయే స్తంభం మీదికి పలుమార్లు ఎక్కి తానే మరమ్మతు చేసుకొన్నాడు. అప్పటినుండి దెబ్బతిన్న స్తంభానికి ఎంత గాలి ఓర్చుకోగల శక్తి ఉన్నదో అంచనా వేసుకొంటూ, వేగాన్ని అదుపులో పెట్టి, 2019 జనవరి 29న అందరికంటె ముందు గమ్యం చేరినాడు. 212 దినాలకు ఒక గంట లోపు మాత్రమే తక్కువ. పందెం పూర్తి చేసినవారు ఐదుగురే. వారిలో ఎక్కువమంది యాభై దాటినవారు. ప్రమాదం జరిగిన సమయంలో నిషిద్ధమైన టెలిఫోనుతో భార్యకు కబురు చెప్పినందుకు నిర్వాహకులు ఆయనకు 18 గంటల శిక్ష విధించినారు. నియమం నియమమే. కాని ఆ శిక్షను అనుభవించి కూడా గెలిచిన భర్తను ఆ ఇల్లాలు తప్పుపట్టి ఉండదు.

ఇంతవరకు చెప్పినది నాణేనికి ఒక వైపు. రెండవ వైపు చూడకుండా ఎవరైనా ఈ మార్గంలో అడుగు పెడితే కలిగే ఫలితానికి డోనాల్డ్ క్రౌహర్‌స్ట్ జీవితం దృష్టాంతం. ఆయన నావికోపకరణాలు తయారుచేసే ఒక చిన్న వ్యాపారి. వయస్సు 36. వ్యాపారం కుంటువడుతుండగా, 1968 పందెంలో గెలిస్తే బహుమతి ధనంతో, కీర్తితో గట్టెక్కవచ్చునని తలచినాడు. పడవ కోసం ధనమిచ్చిన పెట్టుబడిదారునితో ఒక ఒడంబడిక చేసుకొన్నాడు. పందెం మధ్యలో మానుకొంటే పడవను తానే కొనవలెను. అనగా ఇల్లు, వ్యాపారం పోయినట్లే. ఇంటివద్ద భార్య, నలుగురు పిల్లలు. పడవ తయారీ ముగియక ముందే, గడువు తుది దినమైన అక్టోబరు 31న బయలుదేరినాడు. కొన్ని వారాలకే ఆ పడవ దక్షిణ సముద్రాల తాకిడికి ఆగదని ఆయనకు స్పష్టమైనది. ముందుకు పోతే చావు, వెనుకకు వస్తే దివాలా. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, భూమిని చుట్టుతున్నట్లు కల్లబొల్లి స్థానాలను రేడియోలో పంపసాగినాడు. ఆయన దగ్గరగా వస్తున్నాడని నమ్మి, ముందున్న నైజెల్ టెట్లీ అప్పటికే దెబ్బతిన్న తన పడవను అతివేగంగా నడిపి ముంచుకొన్నాడు. అదృష్టవశాత్తు టెట్లీని రక్షించినారు. 1969 జూలై 10న క్రౌహర్‌స్ట్ పడవ మనిషి లేకుండా తేలుతూ కనిపించినది. నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన ఐదువేల పౌన్ల బహుమతిని ఆ కుటుంబానికి ఇచ్చివేసినాడు.

చిచెస్టర్‌కు, క్రౌహర్‌స్ట్‌కు గల భేదం వయస్సులో లేదు. క్రౌహర్‌స్టే చిన్నవాడు. చిచెస్టర్ పదమూడేండ్లపాటు ఒక పడవ తరువాత మరొక పడవలో, ఒక సముద్రం తరువాత మరొక సముద్రంలో అభ్యాసం చేసినాడు. ఆయన పడవకు ధనమిచ్చినవాడు సంపన్నుడైన బంధువు, అప్పులవాడు కాడు. క్రౌహర్‌స్ట్ మాత్రం వెనుకకు వచ్చే స్వేచ్ఛను తాకట్టు పెట్టి బయలుదేరినాడు. సముద్రం మీద వెనుదిరుగుట ఒక విద్య. ఆ విద్యను అప్పు హరిస్తుంది. ఆయనను కేవలం మోసగాడని తీసిపారవేయడం నాకు న్యాయంగా తోచదు. ఇంటిమీద అప్పు తెచ్చి వ్యాపారం పెట్టినవారి కుటుంబాలలో ఆయన బాధ అర్థం చేసుకోగలవారు మన ఊళ్లలోనూ ఉన్నారు.

మన దేశంలో ఈ విద్య నౌకాదళం ద్వారా వచ్చినది. వైస్ అడ్మిరల్ మనోహర్ అవతి సంకల్పించిన సాగర పరిక్రమకు 2006లో ముందుకు వచ్చిన కమాండర్ దిలీప్ దోందే నీటి అడుగున పనిచేసే డైవింగ్ అధికారి. మహాసముద్రంలో ఒంటరిగా తెరచాప పడవ నడిపిన అనుభవం ఆయనకు లేదు. నలభైకి దగ్గరపడిన వయసులో మొదలుపెట్టి, గోవాలో మాదేయి అనే పడవ నిర్మాణాన్ని దగ్గర ఉండి చూసుకొని, ఏ మేకు ఎక్కడ ఉన్నదో తెలుసుకొన్న తరువాతనే బయలుదేరినాడు. 2009 ఆగస్టు నుండి 2010 మే వరకు, నాలుగు రేవులలో ఆగుతూ, ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి భారతీయుడైనాడు. ఆయనకు ఒడ్డు మీద సహాయకుడుగా ఉన్న అభిలాష్ టామీ 2012-13లో అదే పడవలో ఎక్కడా ఆగకుండా చుట్టివచ్చినాడు. 2017-18లో ఆరుగురు మహిళా అధికారులు తారిణి పడవలో భూమిని చుట్టినారు. ఇది ఒంటరి ప్రయాణం కాకపోయినా, ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య ఉన్నారని చెప్పకుండా ఉండలేను.

టామీ అనుభవం శరీరానికి సంబంధించిన సత్యాన్ని తెలుపుతుంది. 2018 గోల్డెన్ గ్లోబ్ పందెంలో, సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో ఆయన పడవ తుఫానులో దొర్లి, స్తంభాలు విరిగి, ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. మూడు దినాలు కదలలేక పడి ఉండగా ఫ్రెంచి మత్స్యరక్షక నౌక వచ్చి రక్షించినది. వెన్నులో టైటానియం కడ్డీలు అమర్చినారు. మరల నడక నేర్చుకొని, 2021లో నౌకాదళం నుండి విరమించి, స్వతంత్ర నావికుడుగా అరబ్బు ఎమిరేట్ల సంస్థ ఆదరువుతో 2022 పందెంలో పాల్గొన్నాడు. 2023 ఏప్రిల్ 29న, 44వ ఏట, రెండవ స్థానంలో గమ్యం చేరినాడు. ఆయనకంటె రెండు దినాల ముందు చేరి గెలిచినది దక్షిణాఫ్రికాకు చెందిన కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్. ఆమెకు 40 ఏండ్లు. ఇతరుల పడవలను ఒక రేవు నుండి మరొక రేవుకు చేర్చడం ఆమె అంతకుముందు చేసిన వృత్తి. దారిలో, పడవ మునిగి రబ్బరు తెప్పలో ఉన్న 64 ఏండ్ల తోటి పందెగాడిని రక్షించి, ఓడకు అప్పగించి, మరల పందెం కొనసాగించి గెలిచినది.

వయసు ఏమీ చేయదని దీని అర్థం కాదు. విరిగిన ఎముక ఇరవై ఏండ్లవానికి అతికినట్లు అరవై ఏండ్లవానికి అతకదు. చిచెస్టర్ 1972లో, 70వ ఏట, అస్వస్థుడై ఉండికూడా అట్లాంటిక్ పందెంలో బయలుదేరి, మధ్యలోనే వెనుదిరిగి, ఆ ఆగస్టులోనే మరణించినాడు. ఎప్పుడు మానుకోవలెనో ఆయనకు కూడా సులభంగా తెలియలేదు.

ఇక ప్రవేశమార్గం. ఎవరూ నేరుగా దక్షిణ సముద్రాలకు పోరు. గోల్డెన్ గ్లోబ్ వంటి పందెంలో చేరడానికి వేలాది మైళ్ల సముద్రానుభవం, అందులో రెండువేల మైళ్లు ఒంటరిగా నడిపిన అనుభవం చూపవలెను. ఆ మైళ్లు సంపాదించడానికి ఏండ్లు పడుతుంది. ఈలోగా పడవలు చేరవేయడం, పడవ నడుపుట నేర్పడం, మరమ్మతు పనులు చేయడం, ప్రయాణానుభవాలు వ్రాయడం, ఉపన్యసించడం జీవనాధారాలు. పందెంలో గెలిచిన ధనంతో మాత్రమే బ్రతికేవాడు అరుదు. అందుచేత ఉన్న ఉద్యోగాన్ని వెంటనే విడువక, సెలవులలో అభ్యాసం చేస్తూ, కుటుంబానికి ప్రతి అడుగూ తెలిపి ముందుకు పోయినవారే ఎక్కువకాలం నిలిచినారు.

సముద్రానికి దూరమైన మన రాష్ట్ర రాజధానిలో ఇది ఎట్లు మొదలవుతుందని అడిగేవారికి హుస్సేన్ సాగర్ సమాధానం. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో త్రవ్విన ఆ చెరువులో, వానాకాలపు పడమటి గాలులు వీచే జూలై మాసంలో తెరచాప పందాలు జరుగుతాయి. అక్కడి యాచ్ క్లబ్బులో పేదబస్తీల పిల్లలకు సైతం ఈ విద్య నేర్పుతున్నారు. కొత్తగా చేరినవానికి మొదట నేర్పేది వేగంగా పోవడం కాదు. పడవను కావలెనని బోర్లవేసి, నీటిలో ఈదుతూ దాని అడుగున ఉన్న పలకను పట్టుకొని, దానిమీద బరువు మోపి, మెల్లగా నిలబెట్టి, మరల ఎక్కి కూర్చొనుట.